ఉక్కు ఊరికి ఏ గిటార్? వేగమైన మెటల్ సంగీతానికి వాయిద్యం ఎంపిక

1965లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల కుర్రాడొకడు రేకుల ఫ్యాక్టరీలో తన ఆఖరి రోజు పనికి వెళ్లాడు. ఆ తర్వాత ఇక సంగీతమే బతుకనుకున్నాడు. ఆ రోజే యంత్రంలో పడి అతని కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. గిటార్ మీద తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. ఆ కుర్రాడు, టోనీ అయోమీ, అక్కడితో ఆగిపోలేదు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించాడు. మామూలు తీగలు నొక్కడం కష్టమై సన్నటి బాంజో తీగలు వేసుకున్నాడు. తర్వాత బిగువు ఇంకా తగ్గాలని శ్రుతినే కిందికి దించాడు. 1971లో వచ్చిన అతని బ్యాండ్ బ్లాక్ సబ్బత్ మూడో ఆల్బమ్‌లో వినిపించే బరువైన నాదం వెనక ఆ దించిన శ్రుతి ఉంది.

అదే ప్రాంతం నుంచి వచ్చిన జూడాస్ ప్రీస్ట్ 1980లో తమ ఆల్బమ్‌కు ‘బ్రిటిష్ స్టీల్’ అని పేరు పెట్టింది. ఆ బ్యాండ్ గిటారిస్టు గ్లెన్ టిప్టన్ అంతకుముందు ఆ పేరుగల ఉక్కు సంస్థలో పనిచేసినవాడే. హెవీ మెటల్ కొలుముల ఊళ్లలో, ప్రెస్సుల మోత మధ్య పెరిగిన సంగీతం. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు ఊరు భిలాయ్‌లో ఒక తెలుగింటి పిల్లాడో పిల్లో ఆ సంగీతం వాయిస్తామని పట్టుబడితే అందులో వింతేమీ లేదు.

భిలాయ్ కథ తెలుగువాళ్లకు పరాయిది కాదు. 1955లో ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచీ వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది. సంగీతమూ ఈ ఊరికి కొత్త కాదు. దగ్గర్లోని గనియారీలో పుట్టిన, మహాభారత కథలు పాడే పండవానీ గాయని తీజన్ బాయి భిలాయ్ స్టీల్ ప్లాంట్‌లోనే ఉద్యోగం చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. వేదిక మీద ఆమె చేతిలోని తంబూరా ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు. వాయిద్యం మనిషి శరీరంలో భాగమైపోవడం ఏమిటో ఈ ఊరు కళ్లారా చూసింది.

మెటల్ వాయించేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. గిటార్ చేతికి అంటుకుపోవాలి, ఉందన్న సంగతే గుర్తుకు రాకూడదు. అయితే కొనేటప్పుడు చాలామంది ఫోన్‌లో బొమ్మ చూసి, కోసుగా ఉన్నది, నల్లగా ఉన్నది, పెద్ద గిటారిస్టు పేరున్నది ఎంచుకుంటారు. వేగమైన మెటల్‌కు పనికొచ్చే గిటార్‌ను కొలతలతో ఎంచాలి. మిల్లీమీటర్లో పదో వంతుకు విలువ తెలిసిన ఫిట్టర్లు, టర్నర్లు ఇంటింటా ఉన్న ఊరికి ఈ పద్ధతి నచ్చకుండా ఉండదు.

ముందు వేగమంటే ఎంతో చూడాలి. నిమిషానికి 200 బీట్ల లయలో బీట్‌కు నాలుగు చొప్పున మీటితే సెకనుకు 13 దెబ్బలు దాటుతాయి. 1986లో స్లేయర్ బ్యాండ్ విడుదల చేసిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ ఆల్బమ్‌లో పది పాటలు సుమారు 29 నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత వచ్చిన వేగమైన బ్యాండ్లలో చాలా వాటికి అదే గీటురాయి అయింది. ఆ వేగాన్ని ఏ గిటారూ ఇవ్వదు. అది మణికట్టు సాధన, మెట్రోనోమ్ ముందు గడిపిన సాయంత్రాలు. గిటార్ చేయాల్సిన పని వేరు. నొక్కే చేతికి అడ్డుపడకూడదు, దెబ్బల తాకిడికి శ్రుతి తప్పకూడదు, సెకనుకు 13 సార్లు మీటినా ప్రతి దెబ్బా విడిగా వినిపించాలి. ఈ మూడింటిలో ఏదో ఒకదానికి ఉపకరించని హంగు కోసం డబ్బు పెట్టనక్కర్లేదు.

చేతికి అడ్డు అనగానే మొదట గుర్తొచ్చేది నెక్, అంటే చేత్తో పట్టుకునే పొడవాటి మెడ. సన్నగా ఉంటే వేగమని ఒక నమ్మకం పాతుకుపోయింది. దానికి కారణం జపాన్‌కు చెందిన ఐబనేజ్. 1987లో ఆర్‌జీ వరుసతో పేరు తెచ్చుకున్న వాళ్ల విజార్డ్ నెక్ మొదటి ఫ్రెట్ (మెట్టు) దగ్గర సుమారు 17 మిల్లీమీటర్ల మందం మాత్రమే. పాత గిబ్సన్ లెస్ పాల్ గిటార్లలో అదే చోట 22 మిల్లీమీటర్లు దాటినవీ ఉన్నాయి. సన్నటి నెక్ మీద బొటనవేలు వెనక్కి పెట్టి నాలుగు వేళ్లనూ చాపి పరిగెత్తించడం తేలిక, నిజమే. కానీ పెద్ద అరచేయి ఉన్నవాళ్లకు పట్టు దొరక్క అరగంటలో చెయ్యి నొప్పి పుడుతుంది. మెటాలికా బ్యాండ్ గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఎక్స్‌ప్లోరర్ ఆకారపు గిటార్ల మీద వాయించిన, కిందికి మాత్రమే మీటే దెబ్బల రిథమ్ ఇప్పటికీ కుర్రవాళ్ల మణికట్లకు పరీక్షే. ఆ వేగానికీ నెక్ మందానికీ పెద్ద సంబంధం లేదు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు సన్నటి నెక్ మేలు. పెద్దవాళ్లు రెండు రకాలూ కూర్చుని, కనీసం పావుగంట వాయించి తేల్చుకోవాలి.

మందం కన్నా నిజంగా తేడా తెచ్చేవి ఫింగర్‌బోర్డ్ గుండ్రదనం, ఫ్రెట్ల ఎత్తు. పాత ఫెండర్ గిటార్ల ఫింగర్‌బోర్డ్ 7.25 అంగుళాల వ్యాసార్ధపు వంపుతో ఉంటుంది. తీగలు బాగా కిందికి దించి, పై ఫ్రెట్లలో తీగను లాగితే స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. మెటల్ గిటార్లలో 12 నుంచి 16 అంగుళాల దాకా చదునుగా చేసేది అందుకే. జాక్సన్ గిటార్లలో కింద 12తో మొదలై పైకి పోయేకొద్దీ 16కు మారే వంపు వాళ్ల చవక వరుసల్లోనూ దొరుకుతుంది. ఇక ఎత్తైన ఫ్రెట్లు. వేలు చెక్కకు తగలకుండా తీగనే తాకితే తక్కువ బలంతో స్వరం పలుకుతుంది. స్వీడన్ నుంచి వచ్చిన యింగ్వే మాల్మ్‌స్టీన్ ఈ సంగతిని చివరిదాకా తీసుకెళ్లాడు. ఫ్రెట్ల మధ్య చెక్కను గుంటగా తొలిచిన గిటార్‌నే వాడాడు. అంతకుముందే, 1970లలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తన శక్తి బృందం కోసం అలాంటి గిటార్ చేయించుకున్నాడు. వీణ చూసిన తెలుగువాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఎత్తైన మెట్ల మధ్య తీగను లాగి గమకం పలికించడం మనకు తరతరాలుగా వస్తున్న విద్య.

ఇక్కడ మాండలిన్ శ్రీనివాస్ ప్రస్తావన తప్పదు. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన ఆయన, జంట తీగలతో ఎనిమిది తీగలుండే మామూలు మాండలిన్‌లో కర్ణాటక గమకం నిలవదని గ్రహించి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వైపు వెళ్లారు. అయోమీ తన చేతి గాయానికి తగ్గట్టు గిటార్‌ను మార్చుకున్నాడు, శ్రీనివాస్ తన సంగీతానికి తగ్గట్టు మాండలిన్‌ను మార్చుకున్నారు. ఇద్దరూ ముందు తమకేం కావాలో తేల్చుకుని తర్వాత వాయిద్యం జోలికి వెళ్లారు. వేగంలో శ్రీనివాస్ కచేరీలు ఏ మెటల్ గిటారిస్టుకూ తీసిపోవు. గిటార్ నేర్చుకునే తెలుగు పిల్లలు ఆయన రికార్డింగులు తప్పక వినాలి.

ఫ్రెట్ల లోహం గురించి ఒక మాట. సాధారణ ఫ్రెట్లు నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేవి రాగి, నికెల్, జింక్. రోజూ గంటలకొద్దీ వాయించేవాళ్ల గిటార్లలో కొన్నేళ్లకు గాట్లు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు చాలా ఎక్కువ కాలం మన్నుతాయి, తీగ వాటి మీద నున్నగా జారుతుంది. మధ్యస్థ ధరల గిటార్లలోకి కూడా ఇవి వస్తున్నాయి. దొరికితే వదలకూడదు. భిలాయ్ స్టెయిన్‌లెస్ చేయదు, దాన్ని నడిపే సెయిల్ సంస్థలో ఆ పని ప్రధానంగా సేలం ప్లాంట్‌ది. అయినా ఆ లోహం గుణం ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

అసలు లెక్క తీగ దగ్గర ఉంది. కొనేముందు అందరూ చేయాల్సిన లెక్క ఇదే, చేసేవాళ్లు మాత్రం తక్కువ. మెటల్‌లో శ్రుతి దించడం మామూలు. తీగ బిగువు స్వరపు పౌనఃపున్యం వర్గానికీ, తీగ పొడవు వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. శ్రుతి ఒక పూర్తి స్వరం దించితే, అంటే డి స్టాండర్డ్‌కు వస్తే, బిగువు దాదాపు 21 శాతం పడిపోతుంది. రెండు పూర్తి స్వరాలు దించి సి స్టాండర్డ్‌కు వస్తే 37 శాతం పోతుంది. వదులైన తీగ గట్టిగా మీటినప్పుడు మొదట శ్రుతి పైకి ఎగిరి తర్వాత కిందికి వాలుతుంది, ఫ్రెట్లకు తగిలి గలగలమంటుంది, వేగంగా మీటే పిక్ కింద అటూ ఇటూ ఊగుతుంది. రిఫ్, అంటే పదే పదే తిరిగొచ్చే గిటార్ పలుకు, బురదలా వినిపిస్తుంటే చాలామంది యాంప్లిఫయర్‌ను (యాంప్) తిడతారు. తప్పు తరచుగా తీగ బిగువుది.

దీనికి మందులు రెండు. ఒకటి లావు తీగ. తీగ మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. మామూలు శ్రుతికి ఆరో తీగ 46 ఉంటే, ఒక స్వరం దించినప్పుడు అదే బిగువుకు దాదాపు 52 కావాలి. దుకాణాల్లో 10 నుంచి 52 దాకా ఉండే సెట్లు ఎందుకున్నాయో ఈ లెక్క చెబుతుంది. సి దాకా దించితే 58 దగ్గరికి వెళ్లాలి. రెండో మందు స్కేల్ పొడవు, అంటే తల దగ్గరి నట్ నుంచి బాడీ మీది బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవు. ఫెండర్ సంప్రదాయంలో ఇది 25.5 అంగుళాలు, గిబ్సన్ సంప్రదాయంలో 24.75. తేడా ముప్పావు అంగుళమే, కానీ అదే తీగకు అదే శ్రుతిలో బిగువు 6 శాతం పెరుగుతుంది. 27 అంగుళాల బారిటోన్ గిటార్ అయితే 25.5తో పోలిస్తే మరో 12 శాతం ఎక్కువ. అందువల్ల శ్రుతి దించి వేగంగా వాయించాలనుకునేవాళ్లు 25.5 అంగుళాల గిటార్‌తో మొదలుపెట్టడం ఉత్తమం. లెస్ పాల్ ఆకారం మీద మనసు పడినవాళ్లు లావు తీగలతో నెట్టుకురావచ్చు. అయోమీ వాడిన గిబ్సన్ ఎస్‌జీ కూడా పొట్టి స్కేల్‌దే కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆయనకు కావలసింది వదులు తీగ. సెకనుకు 13 దెబ్బలు వేసేవాళ్లకు కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

బ్రిడ్జ్ దగ్గర అత్యధికంగా డబ్బు వృథా అవుతుంది. ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ 1970ల చివర్లో తీగలను రెండు చివర్లా బిగించి తాళం వేసే ట్రెమోలో, అంటే లివర్‌తో కదిలే బ్రిడ్జ్, తయారుచేశాడు. 1979లో పేటెంట్ వచ్చింది. లివర్‌ను అడుగంటా నొక్కి వదిలినా తీగలు శ్రుతికి తిరిగొచ్చే ఆ పరికరం 1980ల మెటల్‌కు గొంతునిచ్చింది. అసలు ఫ్లాయిడ్ రోజ్ గట్టి ఉక్కుతో చేసిన మంచి యంత్రం. చవక గిటార్ల మీద వచ్చే లైసెన్సుడ్ నకళ్లలో మెత్తటి లోహం వాడతారు. ట్రెమోలో ఊగే కత్తి అంచులు కొద్దికాలంలోనే అరిగి, శ్రుతి నిలవడం మానేస్తుంది. పైగా తేలే బ్రిడ్జ్ మీద ఒక తీగ తెగితే స్ప్రింగుల లాగుడుకు మిగతా ఐదూ శ్రుతి ఎక్కుతాయి. ఈ పాటకు డ్రాప్ డి (ఆరో తీగను మాత్రమే దించే శ్రుతి), ఆ పాటకు డి స్టాండర్డ్ అని మార్చాలంటే అలెన్ కీతో నట్ విప్పి, స్ప్రింగుల బలం సరిచేసి, మళ్లీ బిగించాలి. నేర్చుకునే వయసులో ఈ పని సాధన సమయాన్ని మింగేస్తుంది.

మొదటి మెటల్ గిటార్‌కు కదలని బ్రిడ్జే సరైనది. తీగలు బాడీలోంచి దూరి వచ్చే హార్డ్‌టెయిల్ అయినా సరే, గిబ్సన్ 1954లో తెచ్చిన ట్యూన్-ఓ-మాటిక్ రకమైనా సరే. అరచేతి అంచు ఆనించి తీగను అణిచిపెట్టే పామ్ మ్యూటింగ్ మెటల్ రిథమ్‌కు ప్రాణం. స్థిరంగా ఉండే బ్రిడ్జ్ మీద చెయ్యి ఎంత ఆనించినా శ్రుతి కదలదు. ఇప్పటికే ట్రెమోలో ఉన్న గిటార్ చేతిలో ఉంటే వెనక గూటిలో సరిపడా చెక్కముక్క బిగించి కదలకుండా చేయొచ్చు. వడ్రంగి దగ్గర పదినిమిషాల పని.

తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే పికప్‌ల విషయంలో ఎంపిక తేలికే: హంబకర్. ఒంటి చుట్ట పికప్ ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్ గుర్రును కూడా పట్టేస్తుంది. డిస్టార్షన్ బాగా పెంచగానే ఆ గుర్రు పాటను ముంచేస్తుంది. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి గుర్రు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే పికప్ రూపొందించాడు. 1957 నుంచి గిబ్సన్ గిటార్లలో అది వచ్చింది. గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ చేసిన పని, గిబ్సన్ నుంచి తీసిన హంబకర్‌ను ఫెండర్ ఆకారపు బాడీలోకి ఎక్కించడం. 1978లో వాన్ హాలెన్ తొలి ఆల్బమ్ వచ్చాక ఆ అతుకుల గిటార్‌ను చూసే సూపర్‌స్ట్రాట్ అనే జాతి మొత్తం పుట్టింది. ఈ రోజు మెటల్ కోసం అమ్మే గిటార్లలో ఎక్కువ భాగం దాని సంతానమే.

బ్యాటరీతో నడిచే ఈఎంజీ 81 లాంటి యాక్టివ్ పికప్‌లకు మెటాలికా వల్ల గొప్ప పేరొచ్చింది. దెబ్బ దెబ్బకూ మధ్య శుభ్రమైన విరామం, అతి తక్కువ గోల వాటి బలం. 9 వోల్టుల బ్యాటరీ అయిపోతే నాదం నీరసపడుతుంది కాబట్టి కచేరీ ముందు మార్చుకోవాలి, వాయించనప్పుడు కేబుల్ పీకేయాలి. మామూలు హంబకర్‌తో వచ్చిన గిటార్‌ను ఏడాది రెండేళ్లు వాడాక, అవసరమనిపిస్తే పికప్ మాత్రం మార్చుకోవచ్చు. మొదటే దాని కోసం బడ్జెట్ పెంచడం అనవసరం. ఎంత ఎక్కువ అవుట్‌పుట్ ఉంటే అంత మెటల్ అనేది కూడా అపోహే. అతి బలమైన పికప్ యాంప్‌ను ముందే ముంచేసి, వేగమైన రిఫ్‌లో దెబ్బలను ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది.

పాత ఇళ్లలో ఉండేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని ప్లగ్‌లో యాంప్ పెట్టడం గోలకే కాదు, ప్రాణాపాయానికీ దారితీయొచ్చు. గిటార్ ఇంటికి వచ్చేలోపు ఎలక్ట్రీషియన్‌తో ఆ సాకెట్ చూపించాలి.

కలప గురించి జరిగే వాదాలకు అంతులేదు. బాస్‌వుడ్, మహాగని, ఆల్డర్, పాప్లర్ అని పోట్లాడుకుంటారు. ఇంత డిస్టార్షన్‌లో వినేవాళ్ల చెవికి చేరే తేడా స్వల్పం. బరువు చూసుకోవాలి, అంతే. రెండు గంటలు భుజాన మోసేది కదా. వి ఆకారం, కత్తుల్లాంటి కొసలు ఉన్నవి వేదిక మీద అందంగానే ఉంటాయి. 1958లో గిబ్సన్ ఫ్లయింగ్ వి తెచ్చినప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు, తర్వాతి తరం మెటల్ వాద్యకారులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కుర్చీలో కూర్చుని సాధన చేసేవాళ్ల తొడ మీద మాత్రం వి నిలవదు. సాధనలో ఎక్కువ భాగం కూర్చునే జరుగుతుంది.

ఏడు తీగలు, ఎనిమిది తీగలు? ఐబనేజ్ 1990లో గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం యూనివర్స్ అనే ఏడు తీగల గిటార్ తెచ్చింది. 1994లో కార్న్ బ్యాండ్ వాటితో మెటల్ దిశే మార్చింది. స్వీడన్ బ్యాండ్ మెషుగ్గా ఎనిమిదికి వెళ్లింది. ఆ బ్యాండ్ల పాటలే వాయించాలనుకుంటే తప్ప మొదటి గిటార్‌కు ఆరు తీగలు చాలు. థ్రాష్, డెత్ మెటల్ సంప్రదాయంలో అధిక భాగం ఆరు తీగల మీదే పుట్టింది.

ఇక పేర్లు. ఇరవై వేల రూపాయల అటూ ఇటూ ఖర్చు పెట్టగలిగే కుటుంబానికి ఐబనేజ్ జీఐఓ వరుసలో కదలని బ్రిడ్జ్, రెండు హంబకర్లు ఉన్న మోడళ్లు నమ్మకమైన ఎంపిక. జాక్సన్ జేఎస్ వరుసలో డింకీ హార్డ్‌టెయిల్ ఇంకొకటి. ఈ జేఎస్ గిటార్లలో కొన్ని 2000లలో ‘మేడ్ ఇన్ ఇండియా’ ముద్రతో వచ్చాయి. ఇప్పటికీ పాతవాటి బేరాల్లో కనిపిస్తుంటాయి. కొనేముందు ఫ్రెట్లు చూసుకోవాలి. ఇంకాస్త పెట్టగలిగితే షెక్టర్ ఓమెన్, ఈఎస్‌పీ వాళ్ల చవక శాఖ ఎల్‌టీడీలో ఎం వరుస ఉన్నాయి. యమహా పసిఫికా 112 మెటల్ కోసం పుట్టిన గిటార్ కాదు. బ్రిడ్జ్ దగ్గర హంబకర్ ఉంది, తయారీలో నిలకడ ఉంది, రేపు పిల్లవాడి మనసు సినిమా పాటల మీదికి మళ్లినా పనికొస్తుంది. తల్లిదండ్రుల వైపు నుంచి ఆలోచిస్తే ఇదే తెలివైన కొనుగోలు కావచ్చు. బ్రాండ్ల పట్ల మరీ భక్తి అక్కర్లేదు. ఇండోనేషియాలోని సురబాయలో కోర్ట్ నడిపే ఫ్యాక్టరీ తన పేరుతోనే కాక అనేక పెద్ద బ్రాండ్ల పేరుతోనూ గిటార్లు చేస్తుంది. అందువల్ల కోర్ట్ ఎక్స్ వరుసను చిన్నచూపు చూడకూడదు.

చేతిలోకి తీసుకుని చూడగలిగితే అంతకు మించింది లేదు. దుకాణాలకు రాయపూర్ దగ్గరే. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ నడుస్తోంది. ఊరికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఆ ప్రయాణంలోనే ఒక పూట విశాఖ దుకాణాల్లో గిటార్లు పట్టి చూడొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగిచ్చే గడువు ఎంతో ముందే చదువుకుని, ఆ గడువులోనే కింది కొలతలన్నీ తీసుకోవాలి.

మెటల్ నాదంలో పెద్ద వాటా గిటార్‌ది కాదు, దాని తర్వాత వచ్చే యాంప్‌ది. ఉన్న డబ్బంతా గిటార్‌కు పోసి, మిగిలిన రెండు వేలతో చిన్న డబ్బా యాంప్ కొనడం తరచూ జరిగే నష్టం. క్వార్టర్ల ఊరికి ఇంకో ఇబ్బంది ఉంది. మూడు షిఫ్టుల ఊళ్లో ఏ వేళైనా ఎవరో ఒకరు నిద్రపోతుంటారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న పక్కింటి పెద్దాయన గోడకు ఇవతల డెత్ మెటల్ మోగించడం మర్యాద కాదు. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక హెడ్‌ఫోన్, కంప్యూటర్‌లో యాంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. న్యూరల్ యాంప్ మోడలర్ లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇరవై వేల గిటార్ ఆ హెడ్‌ఫోన్‌లో స్టూడియో గిటార్‌లా పలుకుతుంది. సాధనను రికార్డు చేసుకుని తప్పులు వినడం కూడా అలవాటవుతుంది. వేగం పెరగడానికి అంతకన్నా మంచి గురువు లేదు.

మిగిలింది సెటప్. అసలు గిటార్ ఎంపికలో సగం ఇక్కడే తేలుతుంది. బాగా సెటప్ చేసిన చవక గిటార్, పెట్టెలోంచి తీసి అలాగే వాడిన ఖరీదైన గిటార్‌ను ఓడిస్తుంది. కావలసిన పనిముట్లు స్టీల్ ప్లాంట్‌లో పనిచేసినవాళ్ల ఇళ్లలో తరచూ ఉండేవే: ఉక్కు స్కేలు, అలెన్ కీలు, ఫీలర్ గేజ్. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టాలి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందులో ఫీలర్ గేజ్ పెట్టాలి. 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే నెక్ వంపు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కువైనా తక్కువైనా నెక్ లోపల ఉన్న ట్రస్ రాడ్‌ను పావు చుట్టు మాత్రమే తిప్పి, కాసేపు ఆగి మళ్లీ కొలవాలి. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు. వేగానికి ఆరో తీగ 1.8 మిల్లీమీటర్లు, మొదటి తీగ 1.4 దగ్గర ఉంటే హాయి. మరీ కిందికి దించితే ఫ్రెట్ల గలగల యాంప్‌లో కూడా వినిపిస్తుంది. చివరగా ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ మీద తాకీ తాకనట్టు మీటిన స్వరం, అక్కడే నొక్కి మీటిన స్వరం ట్యూనర్‌లో ఒకటే చూపాలి. తేడా ఉంటే బ్రిడ్జ్ మీది శాడిల్‌ను ముందుకో వెనక్కో జరపాలి. లావు తీగలకు మారినప్పుడల్లా ఈ మూడూ మళ్లీ చేయాలి, నట్ గాళ్లను కూడా కొంచెం వెడల్పు చేయించాలి.

ఒకే ముక్కగా 130 మీటర్ల రైలు పట్టా రోలింగ్ చేసే ఊళ్లో, ఆ పట్టా నిటారుతనాన్ని కొలిచిన మనుషులకు గిటార్ నెక్ వంపు కొలవడం పెద్ద పని కాదు. ఇంట్లో తండ్రో తాతో ఫిట్టర్ అయితే గిటార్ కొన్న మొదటి ఆదివారం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఈ సంగీతం మీద వాళ్లకు ఉన్న అనుమానాలు ఆ ఫీలర్ గేజ్‌తో సగం తీరిపోవచ్చు.

భిలాయ్ వాతావరణం ఈ కొలతలను నిలవనీయదు. మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే పొడి ఎండలో కలప కుంచించుకుని ఫ్రెట్ల కొసలు పక్కకు పొడుచుకొస్తాయి, చేతికి గీసుకుంటాయి. వానలు పడగానే నెక్ మళ్లీ మారుతుంది. ఎండాకాలంలో గదిలో తిరిగే నీటి కూలర్ ఇంకో శత్రువు. దాని ఎదురుగా స్టాండ్ మీద పెట్టిన గిటార్ తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక తీగలను పొడిబట్టతో తుడిచి, కేసులో పెట్టి మూయడం, ఏడాదికి రెండుసార్లు, అంటే మే నెలలోనూ ఆగస్టులోనూ వంపు కొలవడం అలవాటు చేసుకోవాలి.

ఈ శ్రమకు తగ్గట్టు వినేవాళ్లూ ఉన్నారు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పటి నుంచి ఈ సంగీతానికి దేశంలో వినేవాళ్లు పెరిగారు. హైదరాబాద్ నుంచి గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండ్ వచ్చింది. 2016లో వాళ్ల తొలి ఈపీ (చిన్న ఆల్బమ్), 2021లో పూర్తి ఆల్బమ్ వెలువడ్డాయి. తెలుగు నేల మీది నుంచి ఈ వేగం సాధ్యమని ఆ రికార్డులు వింటే తెలుస్తుంది.

చివరగా, కొత్తది కాకుండా పాత గిటార్ కొనేవాళ్లు వెంట తీసుకెళ్లాల్సినవి ట్రస్ రాడ్ కీ, ఫీలర్ గేజ్, చిన్న ట్యూనర్. ముందు అమ్మేవాళ్ల అనుమతితో ట్రస్ రాడ్ నట్ రెండు వైపులా కదులుతుందో చూడాలి. బిగుసుకుపోయి ఉంటే బేరం అక్కడే ఆపాలి. మొదటి ఐదు ఫ్రెట్ల మీద తీగల కింద గాట్లు ఎంత లోతున్నాయో చూడాలి. ఫ్లాయిడ్ రోజ్ ఉంటే లివర్‌ను కిందికి నొక్కి వదిలి ట్యూనర్ చూడాలి, తర్వాత పైకి లాగి వదిలి మళ్లీ చూడాలి. రెండుసార్లూ సూది ఒకే చోటికి రాకపోతే కత్తి అంచులు అరిగినట్టే లెక్క. మార్పించడానికయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగాలి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా ఒకసారి మీటి, చచ్చిన స్వరం ఉందేమో వినాలి. ఆ తర్వాతే యాంప్‌కు కలిపి, ఆరో తీగ మీద అరచెయ్యి ఆనించి, వచ్చినంత వేగంగా ఒక నిమిషం ఆపకుండా వాయించి చూడాలి.